బిలియర్డ్స్‌లో తొలి భారతీయ విశ్వవిజేత విల్సన్ జోన్స్

హైదరాబాద్ నుండి రామచంద్రాపురం, పటాన్‌చెరు పారిశ్రామికవాడలను, సంగారెడ్డి చౌరస్తాను దాటి పడమరగా సాగిపోయే 65వ నంబరు జాతీయ రహదారి జహీరాబాద్, షోలాపూర్‌ల మీదుగా పుణె నగరాన్ని చేరుతుంది. పూర్వం 9వ నంబరుగా వ్యవహరింపబడిన ఈ మార్గంలో నిత్యం వేలాది వాహనాలు యంత్రభాగాలను, ఔషధాలను, ఉక్కు సామగ్రిని చేరవేస్తూ ఉంటాయి. ఆ దారి ఆవలి కొసన ఉన్న పుణె నగరంలోనే, క్రీడారంగంలో వ్యక్తిగత విభాగంలో ప్రపంచ చాంపియన్‌షిప్‌ను సాధించిన తొలి భారతీయునిగా గణుతికెక్కిన విల్సన్ లయొనెల్ గార్టన్ జోన్స్ 1922వ సంవత్సరం మే 2వ తేదీన జన్మించారు. ఆయన ఆడిన ఆట బిలియర్డ్స్. నేటి పట్టణాల్లో యువతకు సుపరిచితమైన పూల్ ఆటకు అది వరుసకు పెద్దన్న వంటిది.

జోన్స్ ఆంగ్లో ఇండియన్ క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. పుణెలోని బిషప్స్ హైస్కూలులోను, సెయింట్ విన్సెంట్స్ హైస్కూలులోను విద్యాభ్యాసం చేశారు. పుణె ఆనాడు పెద్ద కంటోన్మెంటు పట్టణం. జబల్‌పూర్, బెంగళూరు, సికింద్రాబాద్ వంటి దండు పట్టణాలన్నింటిలోనూ సైనికాధికారుల మెస్సులతో పాటే బిలియర్డ్స్ బల్లలు కూడా వెలిశాయి. వర్షాకాలమంతా బయట ఆడే వీలులేని అధికారులకు అదే ప్రధాన కాలక్షేపం. స్నూకర్ ఆట కూడా ఆ విధంగానే మన దేశంలో పుట్టినదన్న సంగతి చాలామందికి తెలియదు. 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే యువ సైనికాధికారి అప్పటికి వాడుకలో ఉన్న పూల్ ఆటలకు మరికొన్ని రంగు బంతులను జోడించి ఆ క్రీడను రూపొందించగా, తరువాత నీలగిరులలోని ఊటీ క్లబ్బులో దానికి నియమావళి ఏర్పడింది. ఈయన, తరువాతి కాలంలో బ్రిటిష్ ప్రధాని అయిన చాంబర్లేన్ ఒక్కరు కారు. పేర్లు మాత్రమే కలిశాయి.

తెలుగు నేలకు కూడా ఈ ఆటతో పరిచయం పాతదే. పైగా నవాబుల కుటుంబానికి చెందిన సర్ వికారుల్ ఉమ్రా 1884లో నిర్మాణం ప్రారంభించిన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ప్రత్యేకంగా ఒక బిలియర్డ్స్ గదిని ఏర్పాటు చేసి, లండన్‌లోని బరోస్ అండ్ వాట్స్ సంస్థ తయారుచేసిన బల్లను అందులో అమర్చారు. ఆ బల్ల ఇప్పటికీ సందర్శకులను ఆకర్షిస్తూనే ఉన్నది. వికారాబాద్ పట్టణానికి పేరు వచ్చినది కూడా ఆయన వల్లనే. సంస్థానాధీశులు ఈ ఆటపై ఎంత మక్కువ చూపేవారంటే, జైపూర్ మహారాజా ఇంగ్లండుకు చెందిన సుప్రసిద్ధ క్రీడాకారుడు జాన్ రాబర్ట్స్ జూనియర్‌ను తన ఆస్థాన బిలియర్డ్స్ క్రీడాకారునిగా నియమించుకున్నారు. ఆస్థాన కవి, ఆస్థాన విద్వాంసుడు అన్న మాటలు విన్న మనకు ఈ పదవి కొంత వింతగానే తోస్తుంది.

ఆట మాత్రం రాజమందిరాలకు, దొరల క్లబ్బులకు పరిమితమై ఉండిపోయింది. దానికి కారణం లేకపోలేదు. ప్రమాణబద్ధమైన బిలియర్డ్స్ బల్ల సుమారు 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉంటుంది. పైకి ఆకుపచ్చని ఉన్ని వస్త్రం మాత్రమే కనిపిస్తుంది గాని, దాని అడుగున సమతలంగా చెక్కిన బరువైన స్లేటు రాతి పలకలు ఉంటాయి. బల్లకు నలుదిక్కులా క్రీడాకారుడు తిరగడానికి చోటు కావాలి. తేమ తగలకుండా కాపాడాలి. బంతులను ఒకప్పుడు ఏనుగు దంతంతోనే చేసేవారు. దంతం కొరత కారణంగా 19వ శతాబ్దంలో ప్రత్యామ్నాయ పదార్థాల కోసం సాగిన అన్వేషణే సెల్యులాయిడ్ వంటి తొలి ప్లాస్టిక్కుల రూపకల్పనకు ఊతమిచ్చింది. రసాయన పరిశ్రమలకు నెలవైన పటాన్‌చెరు ప్రాంతవాసులకు ఇది ఆసక్తి కలిగించే విషయమే. నేటి బంతులు ఫినాలిక్ రెజిన్‌తో తయారవుతున్నాయి. ఇంత సరంజామా కలిగిన ఆట సామాన్య గృహస్థునికి అందుబాటులో లేకపోవడం సహజం.

సామాన్యులు ఈ ఆటకు దూరంగా ఉండటానికి మరొక కారణం పందెం. పూల్ అనే పేరే ఆటగాళ్లు వాటాలుగా వేసి ఒకచోట పోగుచేసిన పందెపు సొమ్మును సూచించేది. గెలిచినవారు ఆ మొత్తాన్ని తీసుకునేవారు. ఆ కారణంగా బిలియర్డ్స్ గదులన్నా, పూల్ పార్లర్లన్నా పిల్లలు చెడిపోయే తావులన్న అభిప్రాయం తల్లిదండ్రులలో బలంగా నాటుకుపోయింది. ఆ అభిప్రాయం పూర్తిగా నిరాధారమని చెప్పలేము. ఇటువంటి ఆటను చేపట్టి, పందేనికి తావులేని ఔత్సాహిక పోటీలలో రెండు దశాబ్దాల పాటు నిలిచి, దేశానికి గౌరవం తెచ్చిపెట్టడమే జోన్స్ జీవితంలోని విశేషం.

బిలియర్డ్స్ ఆడే తీరును మన ఇళ్లలోని క్యారమ్స్ ఆటతో పోల్చి చెబితే సులభంగా అర్థమవుతుంది. క్యారమ్స్‌లో స్ట్రైకర్ వలె ఇక్కడ క్యూ బంతి. వేలికి బదులు సన్నగా చెక్కిన పొడవాటి క్యూ కర్ర. బల్లకు ఆరు పాకెట్లు. ఆటలో ఉండేవి మూడు బంతులు మాత్రమే. ఎర్ర బంతి ఒకటి కాగా, ఇద్దరు ఆటగాళ్లకు చెరొక క్యూ బంతి ఉంటుంది. తన బంతిని మిగిలిన రెండింటికీ తగిలిస్తే అది కేనన్. దానికి 2 పాయింట్లు. ఎర్ర బంతిని పాకెట్‌లో వేస్తే 3 పాయింట్లు, ప్రత్యర్థి బంతిని వేస్తే 2. తన బంతి వేరొక బంతికి తగిలి తానే పాకెట్‌లో పడితే క్యారమ్స్‌లో అది తప్పు. బిలియర్డ్స్‌లో మాత్రం అదే ఇన్-ఆఫ్ పేరిట పాయింట్లు తెచ్చిపెడుతుంది. పాయింటు వచ్చినంత సేపూ అదే ఆటగాడు కొనసాగుతాడు. ఈ వరుసనే బ్రేక్ అంటారు. ప్రత్యర్థి ఎంతటివాడైనా ఆ సేపంతా కుర్చీలో కూర్చుని చూడవలసిందే. బలం కంటే ఓర్పు, కంటి చూపు కంటే మనోనిబ్బరం ఎక్కువగా అవసరమయ్యే ఆట ఇది. ఈ దెబ్బ కొట్టడమే కాదు, దీని తరువాత బంతులు ఎక్కడ ఆగుతాయన్నది కూడా ముందుగానే ఊహించి కొట్టాలి.

ఆటలోని ఈ కొనసాగింపు లక్షణమే వృత్తి క్రీడాకారుల బిలియర్డ్స్‌కు చేటు తెచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన వాల్టర్ లిండ్రమ్ 1932లో ఒకే బ్రేక్‌లో 4,137 పాయింట్లు సాధించారు. అంతటి నైపుణ్యం చూడటానికి మొదట్లో జనం ఎగబడినా, ఒక్కరే గంటల తరబడి ఆడుతుంటే క్రమంగా ఆసక్తి తగ్గింది. స్నూకర్ ముందుకు వచ్చింది. వృత్తి క్రీడాకారుల ప్రపంచ బిలియర్డ్స్ పోటీలు 1934 తరువాత చాలా కాలం నిలిచిపోయాయి. 1951లో ఒకసారి జరిగి, మళ్లీ 1968 వరకు జరగలేదు. కాబట్టి జోన్స్ ఆడిన కాలంలో ఈ క్రీడకు నిజమైన శిఖరం ఔత్సాహికుల ప్రపంచ చాంపియన్‌షిప్పే. అక్కడ గెలిచినవారికి కీర్తి దక్కేది, నగదు బహుమతి దక్కేది కాదు. క్రికెట్, హాకీల వలె మైదానం నిండా ప్రేక్షకులు ఉండే ఆట కూడా కాదు. కొన్ని వందల మంది నిశ్శబ్దంగా కూర్చుని చూసే ఆటను నమ్ముకుని, ఉద్యోగ బాధ్యతల నడుమ ఒక మనిషి యౌవనమంతా వెచ్చించడం చిన్న సాహసం కాదు.

స్వాతంత్ర్యానంతరం జోన్స్ కార్యక్షేత్రం బొంబాయికి మారింది. 1948లో ఆయన జాతీయ స్నూకర్ చాంపియన్‌షిప్‌ను గెలుచుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు 26 సంవత్సరాలు. రెండేళ్ల తరువాత, 1950లో జాతీయ బిలియర్డ్స్ టైటిల్‌ను తొలిసారి కైవసం చేసుకున్నారు. నాటి నుండి 1966 వరకు మొత్తం 12 పర్యాయాలు జాతీయ బిలియర్డ్స్ చాంపియన్‌గాను, 1948 నాటి విజయంతో కలిపి 5 పర్యాయాలు జాతీయ స్నూకర్ చాంపియన్‌గాను ఆయన నిలిచారు. ఇవి సులభంగా వచ్చిన విజయాలు కావు. చంద్ర హిర్జీ, టి.ఎ. సెల్వరాజ్ వంటి సమర్థులు ఆయనకు సమకాలికులు. స్నూకర్‌లో సిలోన్ క్రీడాకారుడు ఎం.జె.ఎం. లఫీర్ భారత జాతీయ పోటీలకు వచ్చి పలుమార్లు టైటిల్‌ను తీసుకుపోయారు. ఈ లఫీరే 1973లో ప్రపంచ బిలియర్డ్స్ విజేత కావడం గమనార్హం.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాతి రెండు దశాబ్దాలలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు అనేకం ఇంగ్లండు, ఆస్ట్రేలియా, కెనడాలకు తరలిపోయాయి. పుణె, సికింద్రాబాద్, కాజీపేట వంటి చోట్ల రైల్వే కాలనీలలో వారి ఇళ్లు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. జోన్స్ మాత్రం భారతదేశంలోనే ఉండిపోయారు. అంతర్జాతీయ వేదికలపై ఆయన తలపడినది ఆ దేశాల వారితోనే.

ఔత్సాహికుల బిలియర్డ్స్‌లో 1926లో బ్రిటిష్ సామ్రాజ్య చాంపియన్‌షిప్ పేరిట ఆరంభమైన పోటీయే తరువాత 1951 నుండి ప్రపంచ చాంపియన్‌షిప్‌గా రూపాంతరం చెందింది. 1951లో లండన్‌లో ఆస్ట్రేలియాకు చెందిన బాబ్ మార్షల్, 1952లో కలకత్తాలో ఇంగ్లండుకు చెందిన లెస్లీ డ్రిఫీల్డ్, 1954లో సిడ్నీలో ఆస్ట్రేలియాకే చెందిన టామ్ క్లియరీ విజేతలయ్యారు. కిరీటం ఆ రెండు దేశాల మధ్యనే తిరుగుతూ ఉన్నది. జాతీయ స్థాయిలో ఎదురులేని జోన్స్‌కు విశ్వ విజేత స్థానం మాత్రం అందని ద్రాక్షగానే మిగిలింది. 1954 తరువాత నాలుగేళ్ల పాటు పోటీలే జరగలేదు. ముప్పయి దాటిన క్రీడాకారునికి నాలుగేళ్ల నిరీక్షణ అంటే ఎంతటిదో వేరుగా చెప్పనవసరం లేదు. ఆయన సాధన మానలేదు.

1958లో ప్రపంచ చాంపియన్‌షిప్ తిరిగి కలకత్తాకు వచ్చింది. ఆరేళ్ల కిందట ఇదే నగరంలో గెలిచిన డ్రిఫీల్డ్, సిడ్నీ విజేత క్లియరీ మళ్లీ బరిలో నిలిచారు. అప్పటి పద్ధతి ప్రకారం పోటీదారులందరూ ఒకరితో ఒకరు తలపడవలసి ఉండేది. నాకౌట్ పోటీలలో మాదిరిగా ఒక్క మంచి రోజు చాలదు, ఒక్క చెడ్డ రోజుతో అంతా ముగిసిపోదు కూడా. ప్రతి ఒక్కరి పైనా నిలకడగా ఆడగలిగినవారికే పట్టం. నిలకడ జోన్స్ ఆటలోని ప్రధాన గుణం. స్వదేశీయుల సమక్షంలో ఆయన విజేతగా నిలిచారు. అప్పటికి ఆయనకు 36 ఏళ్లు. భారతదేశం హాకీలో ఒలింపిక్ స్వర్ణాలను వరుసగా గెలుస్తున్న కాలమది. 1952లో హెల్సింకీలో కె.డి. జాదవ్ కుస్తీలో కాంస్య పతకం సాధించారు. అయితే వ్యక్తిగత క్రీడలో ప్రపంచ చాంపియన్ అన్న మాట ఒక భారతీయుని పేరు పక్కన చేరడం అదే మొదటిసారి.

తరువాతి రెండు పోటీలు ఆయనకు కలిసిరాలేదు. 1960లో ఎడిన్‌బరోలో ఇంగ్లండుకు చెందిన హెర్బర్ట్ బీథమ్, 1962లో పెర్త్‌లో తిరిగి బాబ్ మార్షల్ టైటిల్‌ను దక్కించుకున్నారు. మార్షల్ సామాన్యుడు కారు. 1936, 1938లలో సామ్రాజ్య టైటిళ్లను, ఆపైన రెండు ప్రపంచ టైటిళ్లను గెలిచిన దిగ్గజం. కలకత్తాలో గెలుపు సొంత గడ్డపై దక్కిన గెలుపు. అదే గెలుపును విదేశాలలో చూపగలరా అన్న ప్రశ్నకు అప్పటికింకా సమాధానం రాలేదు.

1964లో న్యూజిలాండ్‌లోని పుకెకోహె పట్టణంలో ఆ సమాధానం లభించింది. ఆక్లాండ్‌కు సమీపంలో, చుట్టూ కూరగాయల తోటలతో ఉండే చిన్న పట్టణమది. ఈ చాంపియన్‌షిప్‌తోనే మైఖేల్ ఫెరీరా అనే మరొక బొంబాయి క్రీడాకారుడు అంతర్జాతీయ రంగంలో అడుగుపెట్టారు. 42 ఏళ్ల వయస్సులో జోన్స్ రెండవ పర్యాయం ప్రపంచ చాంపియన్ అయ్యారు. ఇంగ్లండుకు చెందిన జాక్ కార్నెమ్ ద్వితీయ స్థానంలో నిలిచారు. సొంత ప్రేక్షకుల అండ లేదు, తెలిసిన బల్ల లేదు. వాతావరణంలోని తేమను బట్టి, వేడిని బట్టి వస్త్రంపై బంతి వేగం మారుతుందని ఈ ఆట తెలిసినవారు ఎరుగుదురు. కలకత్తా విజయం కంటే పుకెకోహె విజయమే గొప్పదని భావించడానికి ఇది చాలు.

ప్రభుత్వ గుర్తింపు విషయానికి వస్తే, జోన్స్ తొలిసారి ప్రపంచ విజేత అయిన 1958లో క్రీడాకారులకు జాతీయ పురస్కారమంటూ ప్రత్యేకంగా లేదు. అర్జున అవార్డులు 1961లో ఆరంభమయ్యాయి. 1963లో జోన్స్ ఆ అవార్డును స్వీకరించారు. రెండవ ప్రపంచ విజయం తరువాత 1965లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. అప్పటికి రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం ఇంకా రూపుదిద్దుకుంటున్న దశలోనే ఉన్నది. పటాన్‌చెరు పరిసరాలు చెరువులు, చేలతో నిండిన పల్లెసీమలు. ఆ తరువాత పరిశ్రమలతో పాటు ఉద్యోగులు, వారి కాలనీలు వచ్చి చేరడంతో క్లబ్బులు, ఇండోర్ క్రీడలు ఈ ప్రాంతపు జీవనంలో భాగమయ్యాయి.

1966లో 12వ సారి జాతీయ బిలియర్డ్స్ టైటిల్‌ను గెలిచిన అనంతరం జోన్స్ పోటీల నుండి క్రమంగా వైదొలిగారు. ఆయన జీవితంలో ఇక్కడ మొదలైన రెండవ అధ్యాయం పత్రికల్లో అంతగా కనిపించదు. శిక్షకునిగా ఆయన దశాబ్దాల పాటు యువకులను తీర్చిదిద్దారు. ఆయన వద్ద మెలకువలు నేర్చిన వారిలో ఓం అగర్వాల్ 1984లో డబ్లిన్‌లో ప్రపంచ ఔత్సాహిక స్నూకర్ చాంపియన్ కాగా, అశోక్ శాండిల్య 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించారు. బిలియర్డ్స్, స్నూకర్, పూల్ పోటీలకు ఆసియా క్రీడలలో చోటు దక్కినది ఆ ఏడాదే. పుకెకోహెలో అరంగేట్రం చేసిన ఫెరీరా 1977, 1981, 1983 సంవత్సరాలలో మూడుసార్లు ప్రపంచ ఔత్సాహిక బిలియర్డ్స్ విజేతగా నిలిచారు. తరువాత గీత్ సేథీ వచ్చారు. దేశంలో అత్యున్నత క్రీడా పురస్కారమైన ఖేల్‌రత్నను విశ్వనాథన్ ఆనంద్ తరువాత రెండవ వ్యక్తిగా అందుకున్నది ఆయనే. బెంగళూరుకు చెందిన పంకజ్ అద్వానీ ప్రపంచ టైటిళ్ల సంఖ్య పాతిక దాటింది. ఒక క్రీడలో ఒక దేశం నుండి ఇందరు ప్రపంచ విజేతలు వరుసగా రావడం భారత క్రీడా చరిత్రలో అరుదు. చదరంగంలో తప్ప మరెక్కడా ఇంతటి పరంపర కనిపించదు.

శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు జోన్స్‌కు 1996లో లభించింది. అప్పటికి ఆయన వయస్సు 74 ఏళ్లు. పోటీలు విడిచి మూడు దశాబ్దాలు గడిచాయి. కొంత ఆలస్యమే అయినప్పటికీ, ఆటగానిగా అర్జున, గురువుగా ద్రోణాచార్య, పౌరునిగా పద్మశ్రీ మూడింటినీ అందుకున్న కొద్దిమందిలో ఆయన ఒకరయ్యారు.

ఇక్కడ మరొక మాట చెప్పుకోవాలి. నేడు పట్టణాలలోని పార్లర్లలో ఎక్కువగా కనిపించే పూల్ బల్ల బిలియర్డ్స్ బల్ల కంటే చిన్నది. సాధారణంగా 9 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. నంబర్లు వేసిన 15 బంతులు, ఒక తెల్లని క్యూ బంతి ఉంటాయి. పాకెట్లు వెడల్పు. కొద్ది నిమిషాలలో ఆట ముగుస్తుంది. కర్మాగారంలో షిఫ్టు ముగించుకుని వచ్చిన యువకునికి అరగంట వినోదం అందించడానికి అనువైనది. బిలియర్డ్స్‌కు అంత తీరిక ఇప్పుడు ఎక్కువమందికి లేదు. అయినా కర్రకు సుద్ద రాయడం, ఎడమ చేతి వేళ్లతో బల్లపై వంతెన కట్టడం, బంతి మధ్యభాగానికి కాస్త పక్కగా కొట్టి దానికి పక్కవాటు తిరుగుడు ఇవ్వడం మూడు ఆటలలోనూ ఒకటే. జోన్స్ శిష్యులు ఏళ్ల తరబడి సాధన చేసినది ఈ ప్రాథమికాంశాలనే.

విల్సన్ జోన్స్ 2003వ సంవత్సరం అక్టోబరు 5వ తేదీన ముంబైలో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 81 సంవత్సరాలు. ముంబైలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో బిలియర్డ్స్ హాలుకు ఆయన పేరు పెట్టారు. ఆ హాలులో అఖిల భారత స్థాయి బిలియర్డ్స్, స్నూకర్ పోటీలు జరుగుతూ వస్తున్నాయి.